కొలకర్రతో బేరమా!

బస్సెక్కితే మన పిల్లలకు వయసు తగ్గిపోతుంది. పార్కుకెళ్తే ఎత్తు పెరిగిపోతుంది!

నమ్మరా? ఆర్టీసీ బస్సులో అయిదేళ్లు నిండిన పిల్లలకు హాఫ్ టికెట్ తీసుకోవాలి. కండక్టర్ రెండు సీట్ల అవతలికి రాగానే, ఒకటో తరగతి చదివే బాబు కాస్తా అమ్మ ఒళ్లోకి చేరి 'నాలుగున్నరేళ్ల'వాడైపోతాడు. నెల తిరక్కుండా అదే బాబు ఏ అమ్యూజ్‌మెంట్ పార్కులోనో రోలర్ కోస్టర్ ముందు నిలబడ్డాడనుకోండి. 'మునివేళ్ల మీద నిలబడు నాన్నా... మెడ పైకెత్తు... అదీ!' అని అమ్మ వెనకనుంచి గుసగుసలు. 'వీడికి ఎనిమిదేళ్లండీ, మనిషే కాస్త పొట్టి' అని నాన్న సిఫార్సు. మధ్యలో పిల్లాడు మాత్రం 'అసలు నా వయసెంత?' అన్నట్టు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంటాడు.

సెలవుల్లో ఏ పార్కుకైనా వెళ్లి పెద్ద రైడ్ల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. గేటు పక్కన ఓ బోర్డుంటుంది. దాని మీద ఓ జోకర్ బొమ్మో, ఎలుగుబంటి బొమ్మో చెయ్యి చాపి నవ్వుతుంటుంది. 'నీ తల ఇక్కడిదాకా వస్తేనే లోపలికి' అని దానర్థం. ఆ బోర్డు దగ్గర జరిగినన్ని బేరాలు రైతుబజార్లో కూడా జరగవు! కొందరు మడమెత్తు చెప్పులు తొడిగిస్తారు. కొందరు బూట్లలో కాగితాలు మడిచి కుక్కుతారు. ఆడపిల్లయితే జుట్టంతా నడినెత్తిన ముడేసేస్తారు. ఇవేవీ పారకపోతే ఆఖరి అస్త్రం ఎలాగూ ఉంది... 'నేను పక్కనే కూర్చుని గట్టిగా పట్టుకుంటాలే బాబూ!'

ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. ఉన్నదంతా ప్రేమే. పిల్లాడు నెలరోజుల్నుంచీ కలవరిస్తున్నాడు. మనిషికింతని టికెట్లు కొన్నాం. ఎండలో గంటసేపు క్యూలో నిలబడ్డాం. తీరా మన వంతు వచ్చాక నాలుగు వేళ్లు తక్కువయ్యాడని వెనక్కి పంపేస్తే ఏ తల్లికి మాత్రం మనసొప్పుతుంది? కానీ ఆ నాలుగు వేళ్ల వెనక ఏ లెక్కలున్నాయో తెలిస్తే మాత్రం బేరమాడాలని అనిపించదు.

గీత గీసిందెవరు?

గేటు దగ్గరి కుర్రాడు తనకు తోచినట్టు ఆపుతున్నాడని చాలామంది అనుకుంటారు. లేదంటే 'ఎందుకొచ్చిన గొడవ' అని యాజమాన్యమే ఏదో ఓ అంకె రాసి పడేసిందనుకుంటారు. నిజానికి ఆ అంకె మామూలుగా రైడ్‌ను తయారుచేసిన కంపెనీ దగ్గర పుడుతుంది. సీటు లోతెంత, ఒళ్లో దిగే కడ్డీ ఎక్కడిదాకా వస్తుంది, వేగంగా మలుపు తిరిగేటప్పుడు శరీరం మీద ఎంత బలం పడుతుంది... ఇవన్నీ లెక్కగట్టి ఎంత ఎత్తుకన్నా తక్కువవాళ్లను ఎక్కించకూడదో ఇంజినీర్లు తేలుస్తారు. పార్కువాళ్లు కావాలంటే ఆ గీతను ఇంకాస్త పైకి జరపొచ్చు. కిందికి మాత్రం జరపకూడదు.

ఈ లెక్కల వెనక పెద్ద కసరత్తే ఉంది. అమెరికాలో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇలాంటి ఆటల భద్రత కోసమే 1978లో ఎఫ్24 పేరుతో ఓ కమిటీని వేసింది. ఐరోపా దేశాలకు ఈఎన్ 13814 అనే ప్రమాణం ఉంది. మన బీఐఎస్ కూడా ఈ రైడ్ల భద్రతకు ప్రమాణాలు రూపొందించింది.

'అంత పట్టింపయితే వయసు అడగొచ్చుగా, ఎత్తెందుకు?' అని మీకు అనుమానం రావచ్చు. మొదటి కారణం మనమే. వయసు విషయంలో మనం ఎంత నిజాయితీగా ఉంటామో బస్సులో చూశాంగా! గంటకు వందలమంది వచ్చే చోట జనన ధ్రువపత్రాలు చూస్తూ కూర్చోలేరు. ఎత్తయితే రెండు క్షణాల్లో తేలిపోతుంది. రెండోది అసలు కారణం. ఒకే వయసు పిల్లలు ఒకే సైజులో ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం అయిదేళ్ల మగపిల్లాడి నడిమి ఎత్తు 110 సెంటీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న అయిదేళ్లవాళ్లలోనే ఒకడు 101 సెంటీమీటర్లు ఉంటే, ఇంకొకడు 119 ఉండొచ్చు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం చదువుతారు. సీటు బెల్టుకు మాత్రం వాళ్లిద్దరూ ఒకటి కాదు. దానికి పుట్టినరోజుతో పనిలేదు. మోకాలు ఎక్కడ వంగింది, భుజం ఎక్కడిదాకా వచ్చింది అన్నదే దానికి కావాలి.

చిన్న సైజు పెద్దవాళ్లనుకోకండి

పిల్లల శరీరాన్ని మనం ఎప్పుడూ మన శరీరానికి చిన్న నమూనా అనుకుంటాం. అక్కడే పొరబాటు. అప్పుడే పుట్టిన పాపాయి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దయ్యేసరికి అది ఎనిమిదో వంతుకు దగ్గరవుతుంది. అంటే చిన్నపిల్లల తల వాళ్ల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. దాన్ని మోసే మెడ కండరాలు మాత్రం ఇంకా లేతవే. రైడ్ ఒక్కసారిగా పక్కకు విసిరినప్పుడు మన మెడ తట్టుకుంటుంది. వాళ్ల మెడ పుల్ల మీద గుమ్మడికాయలా ఊగిపోతుంది.

తర్వాత నడుం సంగతి. మనం బెల్టు పెట్టుకుంటే అది తుంటి ఎముకల మీద ఆనుతుంది. ఎంత కుదుపొచ్చినా ఆ గట్టి ఎముకలే ఆపుతాయి. చిన్నపిల్లల్లో ఆ ఎముక అంచులు ఇంకా సరిగా ఎదిగి ఉండవు. దాంతో బెల్టు పైకి జరిగి మెత్తటి పొట్ట మీదికి వచ్చేస్తుంది. కార్లలో చిన్నపిల్లలకు ప్రత్యేకంగా ఎత్తు సీట్లు ఎందుకు పెట్టమంటారో ఇప్పుడర్థమైందా? అక్కడా ఇక్కడా కథ ఒకటే.

ఇంకొకటి కాళ్లు. సీటు లోతు ఎక్కువ, పిల్లాడి తొడ పొడవు తక్కువ అయినప్పుడు వీపు వెనక్కి ఆనితే మోకాళ్లు సీటు అంచుదాకా రావు. కాళ్లు గాల్లో చాపినట్టుండి నేలకు తన్నిపట్టే వీలుండదు. వాడు హాయిగా కూర్చోవడానికి ముందుకు జరుగుతాడు. అంతే, వీపు వెనక సందు. రైడ్ కిందికి దూకగానే కడ్డీ కిందనుంచి జారిపోయే ప్రమాదం అక్కడినుంచే మొదలవుతుంది. పైగా ఒకే కడ్డీ ఇద్దరికీ దిగే సీటయితే అది లావుగా ఉన్నవాళ్ల ఒళ్లో ఆగిపోతుంది. నాన్న పొట్ట దగ్గర బిగుతుగా ఆగిన కడ్డీకీ, పక్కనే ఉన్న బుజ్జిగాడి ఒడికీ మధ్య జానెడు ఖాళీ! 'నేను పక్కనే కూర్చుంటాగా' అన్న భరోసా కొన్నిసార్లు ఇలా అడ్డం తిరుగుతుంది.

మరి 'గట్టిగా పట్టుకుంటా' సంగతేంటి? ఓ చిన్న లెక్క వేద్దాం. పాప బరువు 12 కిలోలు. రైడ్ మలుపులో బలం మూడింతలైతే ఆ క్షణంలో పాప 36 కిలోల మూటలా మన చేతుల్ని లాగుతుంది.  అదీ ఏ దిక్కునుంచి వస్తుందో ముందు తెలియకుండా. అమ్మ చేతుల్లో ప్రేమ ఎంతున్నా, కొక్కెం పనిని అవి చేయలేవు.

ఒకే పేరు, రెండు గీతలు

గీత సీటును బట్టి ఉంటుందనడానికి డిస్నీ పార్కుల్లో ఓ మంచి ఉదాహరణ ఉంది. స్పేస్ మౌంటెన్ అనే రైడ్ కాలిఫోర్నియాలోనూ ఉంది, ఫ్లోరిడాలోనూ ఉంది. పేరొకటే, చీకట్లో దూసుకెళ్లే తీరొకటే. కానీ కాలిఫోర్నియాలో 40 అంగుళాలు ఉంటే ఎక్కనిస్తారు. ఫ్లోరిడాలో 44 అంగుళాలు ఉండాలి. కారణం చూస్తేనే తెలుస్తుంది. ఒకచోట ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చునే సీట్లు, ఇంకోచోట ఒకరి వెనక ఒకరు కూర్చునే సీట్లు. పట్టాల తీరూ వేరే. 'అక్కడ ఎక్కనిచ్చారు, ఇక్కడెందుకు ఎక్కనివ్వరు?' అన్న ప్రశ్నకు అదే జవాబు. అదే ఫ్లోరిడాలో యూనివర్సల్ వాళ్ల హల్క్ కోస్టర్‌కైతే ఏకంగా 54 అంగుళాలు కావాలి. హల్క్ బొమ్మల బనీన్లు వేసుకుని వచ్చిన ఎంతమంది చిన్నారి వీరాభిమానులు గేటు దగ్గర మొహం వేలాడేసుకుంటారో!

ఈ అంగుళాల్ని మన లెక్కలోకి మారిస్తే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. 40 అంగుళాలంటే దాదాపు 102 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నాలుగేళ్ల పిల్లల నడిమి ఎత్తు సుమారుగా ఇంతే. 48 అంగుళాలంటే 122 సెంటీమీటర్లు, అది ఏడేళ్లకు. 54 అంగుళాలంటే 137 సెంటీమీటర్లు, అది పదేళ్లకు. నడిమి ఎత్తు అంటే సగంమంది పిల్లలు అంతకన్నా తక్కువే ఉంటారని మరిచిపోకండి. మన పిల్లల్లో చాలామంది ఆ గీతను ఇంకాస్త ఆలస్యంగా అందుకుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు.

పిల్లల్ని తీసుకుని ఓర్లాండో వెళ్లే మన ఎన్నారై కుటుంబాలకు అక్కడో మంచి ఏర్పాటు తెలిసే ఉంటుంది. డిస్నీలో దాన్ని రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్‌లో చైల్డ్ స్వాప్ అంటారు. ఎత్తు చాలని బుజ్జిగాడి దగ్గర అమ్మ ఉంటే నాన్న వెళ్లి రైడెక్కి వస్తాడు. ఆ తర్వాత నాన్న పిల్లాడిని చూసుకుంటే, అమ్మ మళ్లీ మొదట్నుంచీ క్యూలో నిలబడే పని లేకుండా వెళ్లొస్తుంది. మన పార్కుల్లోనూ గేటు దగ్గర మర్యాదగా అడిగి చూడండి. అలాంటి వీలు లేకపోయినా వంతులేసుకుని వెళ్లడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అమ్మమ్మో తాతయ్యో వెంట ఉంటే ఇక చింతే లేదు. అసలు ఆ కుదుపుల కన్నా మనవడితో ఐస్‌క్రీమ్ తినడమే వాళ్లకు ఎక్కువ ఇష్టం!

ఎత్తు సరిపోతే చాలా?

చాలదు. గీత దాటడం అంటే గేటు దాటడం మాత్రమే. ఆ తర్వాత పని ఇంకా ఉంది.

2021 సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌లోని ఓ పార్కులో ఘోరం జరిగింది. అక్కడ భూమి లోపలికి 110 అడుగులు దిగిపోయే ఓ రైడ్ ఉండేది. ఇంట్లోవాళ్లతో కలిసి వచ్చిన ఆరేళ్ల పాప దానిలోంచి పడి చనిపోయింది. పాప సీటు బెల్టుల మీద కూర్చుందనీ, అవి ఆమె ఒంటి మీదుగా లేవనీ, సిబ్బంది ఆ సంగతి గమనించలేదనీ అధికారుల విచారణలో తేలింది. ఏదో తేడా ఉందని యంత్రం హెచ్చరించినా దాన్ని సరిగా అర్థం చేసుకోకుండా రైడ్ నడిపేశారు. కొలకర్ర ఆపలేని ప్రమాదమది. ఆపాల్సింది బెల్టును చేత్తో లాగి చూసే మనిషి.

2022 మార్చిలో ఓర్లాండోలో జరిగింది ఇంకో రకం. పద్నాలుగేళ్ల అబ్బాయి, ఆరడుగులకు పైనే ఎత్తు, భారీ శరీరం. ఆ రైడ్‌కు తయారీదారులు పెట్టిన బరువు పరిమితి 130 కిలోలు. అబ్బాయి బరువు దానికన్నా చాలా ఎక్కువ. అతను కూర్చున్న సీటులో భుజాల మీదుగా దిగే చట్రానికీ సీటుకూ మధ్య మామూలు కన్నా ఎక్కువ సందు ఉండేలా సర్దుబాటు చేశారని తేలింది. రైడ్ కిందికి దిగి వేగం తగ్గేటప్పుడు ఆ సందులోంచి జారిపోయాడు. చిన్న ఒంటికి పెద్ద సీటెలాగో, పెద్ద ఒంటికి చిన్న సీటూ అలాగే. కాబట్టి బోర్డు మీద ఎత్తుతోపాటు బరువు కూడా రాసి ఉంటే అదీ చదవాలి. చిన్నపిల్లల రైడ్ల దగ్గర 'ఇంతకన్నా ఎత్తుంటే వద్దు' అని రాసేదీ ఇందుకే. చిట్టి రైలులో పెద్దన్నయ్య మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే చూడ్డానికి నవ్వులాటగానే ఉంటుంది, కానీ ఆ సీటు వాడికోసం చేసింది కాదు.

ఇంకో సంగతి. ఎత్తు సరిపోయింది కదాని భయపడే పిల్లల్ని తోసి ఎక్కించకండి. 'మగపిల్లాడివి, ఆ మాత్రానికే ఏడుస్తావేంట్రా!' అనేవాళ్లు ప్రతి క్యూలోనూ కనిపిస్తారు. భయపడ్డ పిల్లలు మధ్యలో లేచి నిలబడాలని చూస్తారు, కడ్డీ కిందనుంచి కాళ్లు లాక్కుంటారు. కదలకుండా కూర్చోమంటే కూర్చోగలిగే వయసూ, మనసూ రావాలి. 'వద్దు' అన్న పిల్లాడి మాట కూడా ఒక కొలతే.

చిన్నబోయిన మొహం ముందు

ఇక అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. వెనక్కి పంపేశారు. పిల్లాడి కళ్లలో నీళ్లు. వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కకేమో ఎత్తు సరిపోయింది, 'బై బై' అంటూ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు మనమేం చేస్తాం? సాధారణంగా గేటు దగ్గరి కుర్రాడి మీద పడతాం. 'మేనేజర్ని పిలువు!', 'డబ్బులు కట్టలేదా మేం?', 'ఒక్క వేలే కదయ్యా!'

ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. పొద్దున్నుంచీ ఎండలో నిలబడి ఇలాంటివాళ్లను పాతికమందిని చూసి ఉంటాడు. 'రూల్సండీ, నా చేతుల్లో లేదు సార్' అని మళ్లీ మళ్లీ చెబుతుంటాడు. మనం గట్టిగా అరిస్తే, వాడు ఒక్కసారి మెత్తబడితే... నష్టపోయేది మన బిడ్డే. మన పిల్లల కోసం మనతోనే పోట్లాడే మనిషి రోజుకు ఎంతమంది దొరుకుతారు చెప్పండి! అలాంటివాడికి దండం పెట్టాలిగానీ దండన కాదు.

పైగా ఆ గొడవంతా పిల్లాడు చూస్తుంటాడు. అమ్మానాన్నా వాదించే కొద్దీ వాడికి ఒకటే అర్థమవుతుంది... 'నాలో ఏదో లోపం ఉంది, అందుకే ఇంత రాద్ధాంతం' అని. 'సరిగ్గా తింటేగా ఎత్తు పెరిగేది!' అని అక్కడే మొట్టికాయ వేసే మహాతల్లులూ ఉన్నారు. వద్దండీ. ఆ మాట రైడ్ కన్నా ఎక్కువకాలం గుర్తుంటుంది.

మా కాలనీలో ఓ బామ్మగారున్నారు. ఆవిడ చేసిన పని నాకెంతో నచ్చింది. ఆరేళ్ల మనవరాలితో పార్కుకి బయల్దేరే ముందురోజు, తలుపు చట్రం దగ్గర పాపను చెప్పులు లేకుండా నిలబెట్టి పెన్సిలుతో గీత గీశారు. టేపుతో కొలిచారు. కొడుకు చేత పార్కు వాళ్లకు ఫోన్ చేయించి ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో కనుక్కున్నారు. 'ఇవి నువ్వెక్కేవి, ఇవి నీకోసం వచ్చే ఏడు దాకా ఆగేవి' అని రెండు జాబితాలు రాసి పాపకే ఇచ్చారు. పాప ఓ మాట అడిగింది. 'నేను ధైర్యంగానే ఉంటాను కదా బామ్మా, అయినా ఎందుకు ఎక్కనివ్వరు?' ఆవిడ పాప గౌను తెచ్చి తన భుజాల మీద పెట్టుకున్నారు. 'ఇది నాకెందుకు పట్టడంలేదే? నాకు ధైర్యం లేకనా?' పాప పకపకా నవ్వింది. 'ఆ సీటూ అంతేనమ్మా. నీ కొలతకు కుట్టలేదు.' మర్నాడు గేటు దగ్గర పాప తనే బోర్డు చూసి 'ఇది వచ్చే ఏడుది' అని ముందుకు నడిచిందట.

కొలకర్ర లేని చోట

పెద్ద పార్కుల్లో కనీసం ఓ బోర్డూ, ఆపే మనిషీ ఉంటారు. మరి జాతరల్లో, ఊళ్లోకి నెలరోజుల కోసం వచ్చే ఎగ్జిబిషన్లలో? జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్... మైకులో పాటలు, రంగురంగుల లైట్లు. సంకలో పిల్లతో ఎక్కుతామన్నా ఆపే నాథుడు ఉండడు. ఇంకో ఇద్దరెక్కితే ఇంకో రెండు టికెట్లు!

2018 మే నెలాఖర్లో అనంతపురంలో ఎగ్జిబిషన్‌కు వచ్చిన జెయింట్ వీల్ ట్రాలీ ఊడిపడి పదేళ్ల పాప ప్రాణం పోయింది. మరికొందరు గాయపడ్డారు. 2019 జులైలో అహ్మదాబాద్‌లోని కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఈ రెండూ ఎత్తు చాలక జరిగినవి కావు. నట్లూ బోల్టులూ చూడాల్సినవాళ్లు చూడకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు. రైడ్ బిగింపు మన కంటికి తెలియదు. కానీ తలుపుకు గొళ్లెం లేని ట్రాలీ, తాడుతో కట్టిన కడ్డీ, తుప్పు పట్టిన సీటు, ఫోన్ చూసుకుంటూ మీట నొక్కే మనిషి... ఇవి ఎవరికైనా కనిపిస్తాయి. అలాంటిచోట కొలకర్ర మనమే అవ్వాలి. 'వద్దు' అని చెప్పే గేటు కుర్రాడూ మనమే అవ్వాలి.

అంతదూరం ఎందుకు, మన కాలనీ పార్కులో జారుడుబండ చూడండి. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని జారితే క్షేమమనుకుంటాం. పాప బూటు జారుడుబండ అంచుకు పట్టిందంటే కాలు అక్కడే ఆగిపోతుంది. మన బరువంతా మాత్రం ఆగకుండా కిందికి లాగుతుంది. ఆ మెలికకు లేత ఎముక విరుగుతుంది. ఇలా కాలు విరిగి వచ్చే పిల్లలు పిల్లల డాక్టర్లకు కొత్త కాదు. ఒంటరిగా జారితే కాలు పట్టినా వాళ్ల బరువే కనుక చాలావరకు ఆగిపోతారు. ఒంటరిగా జారే వయసు రాలేదంటే ఆ బండ వాళ్లకింకా పెద్దదన్నమాట. చిన్నది వెతుక్కోవడమే మార్గం.

బయల్దేరే ముందు...

* ముందురోజే ఇంట్లో కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తల మీద అట్ట పెట్టి గీత గీయండి. పొద్దున్న ఉన్న ఎత్తు సాయంత్రానికి ఓ సెంటీమీటరు దాకా తగ్గొచ్చు. సరిగ్గా గీత దగ్గరున్న పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచండి.

* ఫోన్ చేసి ఏ రైడ్‌కు ఎంత ఎత్తో, టికెట్ ధర వయసును బట్టా ఎత్తును బట్టా కనుక్కోండి. ఎత్తును బట్టి టికెట్ ఇచ్చే పార్కులు మన దగ్గరా ఉన్నాయి.

* పిల్లలు ఎక్కగలిగే రైడ్‌తోనే రోజు మొదలుపెట్టండి. మొదటి గేటు దగ్గరే 'వద్దు' వినిపిస్తే ఆ రోజంతా చేదైపోతుంది.

* కూర్చోబెట్టాక వీపు వెనక్కి ఆనిందా, బెల్టు ఒంటి మీదుగా వచ్చిందా, కడ్డీ వాళ్ల ఒడి దాకా దిగిందా అని మీ చేత్తో లాగి చూడండి. అనుమానం ఉంటే రైడ్ కదలకముందే చెయ్యెత్తి పిలవండి. మొహమాటం వద్దు.

* చున్నీలు, వేలాడే గొలుసులు, వదులు చెప్పులు తీసి పక్కన పెట్టండి.

* నీళ్ల పార్కుల్లో ఎత్తు సరిపోయినా సరే, పిల్లలు చేతికందే దూరంలోనే ఉండాలి. లైఫ్ జాకెట్ వేశాం కదాని ఫోన్లో మునిగిపోవద్దు.

రెండేళ్లు దాటిన దగ్గర్నుంచి యుక్తవయసు దాకా పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే ఈ వేసవిలో నాలుగు వేళ్లు తక్కువైన గీత, మహా అయితే ఏడాదిన్నర దూరంలో ఉంది. ఈలోగా మీ తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు ఒక్కొక్కటే పైకెక్కుతుంటాయి. ఒకరోజు మీ బాబు మునివేళ్ల మీద లేవకుండా, బూట్లలో కాగితాల్లేకుండా, ఎవరి సిఫార్సూ లేకుండా ఆ జోకర్ చేతి కింద నిటారుగా నిలబడతాడు. వాడి తల దానికి తగులుతుంది. అప్పుడు వాడి మొహం చూడ్డానికి ఏడాదిన్నర ఆగలేమా చెప్పండి!